ల్యాబ్ టెక్నీషియన్ దారి: సర్టిఫికెట్ ఒకటి, రిజిస్ట్రేషన్ ఇంకొకటి

మొన్న మా అక్క బిడ్డ దేవరకొండ నుంచి వస్తూ బస్టాండులో ఎవరో పంచిన కరపత్రం ఒకటి పట్టుకొచ్చింది. "పది పాసైనా, ఫెయిలైనా ఆరు నెలల్లో ల్యాబ్ టెక్నీషియన్. ఉద్యోగం గ్యారంటీ" అని దాని మీద పెద్ద అక్షరాలు. పక్కన మైక్రోస్కోపు బొమ్మ. పిల్ల బైపీసీతో ఇంటర్ పూర్తి చేసింది. ఎంబీబీఎస్ సీటు రాదని ఎవరూ చెప్పకుండానే దానికి అర్థమైపోయింది.

"మామా, రెండేండ్లు, నాలుగేండ్లు ఎవరు చదువుతరు? ఇదైతే ఆర్నెల్లే గదా" అంది.

"ఆర్నెల్లు అయినంక నీ పేరు ఎక్కడ ఎక్కుతది?" అని అడిగాను.

"ఎక్కడ ఎక్కుడేంది?"

మన దగ్గర చాలామంది పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు తడబడేది ఇక్కడే. ఏ కోర్సు మంచిది, ఫీజు ఎంత, ఎన్నేళ్లు అని అడుగుతారు. కోర్సు అయ్యాక పేరు ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుందని అడిగేవాళ్లు నాకు ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే తగిలారు. నేను మొదట ప్రైవేటు ల్యాబులో, తర్వాత సర్కారు దవాఖానలో కాంట్రాక్టు మీద పనిచేస్తూ ఈ తేడా ఆలస్యంగా నేర్చుకున్నవాణ్ణే.

తెలంగాణలో ఈ రిజిస్టర్ పారామెడికల్ బోర్డు దగ్గర ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వచ్చిన పారామెడికల్ బోర్డు చట్టమే దీనికి ఆధారం. రాష్ట్రం వేరయ్యాక మన బోర్డు మనకు ఏర్పడింది. రెండేళ్ల డిప్లొమా కాలేజీలకు అనుమతి ఇచ్చేదీ, పరీక్ష పెట్టేదీ, పాసైన వాళ్లను రిజిస్టర్ చేసేదీ ఈ బోర్డే. సర్కారు ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు దరఖాస్తు పెట్టాలంటే చదువుతో పాటు ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గోడకు ఎన్ని సర్టిఫికెట్లు వేలాడదీసినా ఆ నంబరు లేకపోతే ఫారం ముందుకు కదలదు.

కాబట్టి ఆ నంబరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

ఎన్ని తోవలు ఉన్నాయి?

2024 సెప్టెంబరులో రాష్ట్ర మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు 1,284 ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. అందులో అర్హతల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒకేషనల్ ఎంఎల్‌టీ (అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ), డీఎంఎల్‌టీ (అందులోనే డిప్లొమా), బీఎస్సీ ఎంఎల్‌టీ, బీఎంఎల్‌టీ, పీజీ డిప్లొమాలు, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీలో డిగ్రీలు, పీజీలు... అన్నీ ఒకే కుర్చీకి దారితీస్తాయి. నాలుగేళ్లు చదివినవాడూ, రెండేళ్లు చదివినవాడూ పక్కపక్కన కూర్చుని అదే పరీక్ష రాస్తారు. జీతం స్కేలు కూడా అందరికీ ఒక్కటే, 32,810 నుంచి 96,890 దాకా. మరి ఎక్కువ చదివి లాభమేమిటి అని మీకు అనుమానం రావాలి. దాని సంగతి తర్వాత చెబుతాను.

పదో తరగతి కాగానే ఎక్కగలిగే తోవ ఇంటర్ ఒకేషనల్‌లో ఎంఎల్‌టీ. ఇంటర్ బోర్డు నడిపే రెండేళ్ల కోర్సు. పేద ఇళ్ల పిల్లలకు నిజంగా పనికొచ్చే దారి ఇది. కానీ ఇందులో ఒక గుంత ఉంది. రెండేళ్లు పాసైతే సరిపోదు, ఆ తర్వాత సర్కారు దవాఖానలో ఒక ఏడాది అప్రెంటిస్‌షిప్పో క్లినికల్ ట్రైనింగో చేయాలి. అప్పుడే ఆ చదువు పోస్టుకు అర్హత అవుతుంది. ఎక్కువమంది ఎగ్గొట్టేది సరిగ్గా ఆ ఏడాదినే. పరీక్షలు అయిపోగానే పక్కనున్న ప్రైవేటు ల్యాబువాళ్లు "రేపట్నుంచి రా" అంటారు. చేతికి నాలుగు పైసలు వస్తుంటే ట్రైనింగ్ ఎవరికి గుర్తుంటుంది? ఐదారేళ్లకు నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తుకొస్తారు. పని వచ్చు, అనుభవం ఉంది, ఆ ఒక్క కాగితం లేదు. ఈ ఏడుపు నేను ఎన్నిసార్లు విన్నానో.

ఒకేషనల్ పిల్లలకు ఇంకో మాట. రేపెప్పుడైనా బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి డిగ్రీకి పోవాలనిపిస్తే బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాసి ఉండాలి. మామూలు బైపీసీ వాళ్లతో సమానమని చూపేది అదే. ఇంటర్ చదువుతున్నప్పుడే రాసేస్తే బరువు అనిపించదు. పుస్తకం పక్కనపెట్టిన పదేళ్లకు బోటనీ తెరవడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఇంటర్ అయినవాళ్లకు డీఎంఎల్‌టీ, రెండేళ్లు. సీట్లు ముందు బైపీసీ వాళ్లకు ఇస్తారు, మిగిలితే ఎంపీసీ, ఇంకా మిగిలితే వేరే గ్రూపులు. సీఈసీ చదివిన పిల్ల కూడా డీఎంఎల్‌టీలో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, నియమంలోనే ఆ చోటు ఉంది.

డిగ్రీ తోవ బీఎస్సీ ఎంఎల్‌టీ, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. ఇక నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీలోనో, పాలమూరు యూనివర్సిటీలోనో మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లు కూడా ఆ పొడవైన జాబితాలో ఉంటారు గానీ, వాళ్లకూ పారామెడికల్ బోర్డు నంబరు కావాల్సిందే. డిగ్రీ పట్టా చేతిలో ఉంది కదా అని ఆఖరి రోజు దాకా ఆగి టెన్షన్ పడేది ఎక్కువగా వీళ్లే.

ఆరు నెలల కోర్సు లెక్క

కరపత్రం సంగతికి వస్తాను. 2021లో పార్లమెంటు అలైడ్, హెల్త్‌కేర్ ప్రొఫెషన్ల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అప్పటిదాకా డాక్టర్లకు, నర్సులకు ఉన్నట్టు ల్యాబు వాళ్లకు దేశమంతటికీ ఒక చట్టం లేదు. ఈ చట్టం షెడ్యూలులో మొట్టమొదటి వర్గం మెడికల్ ల్యాబొరేటరీ వాళ్లదే. దాని ప్రకారం అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే చదువు రెండు నుంచి నాలుగేళ్ల మీద కనీసం 2,000 గంటలు ఉండాలి. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనే పై వర్గానికైతే మూడు నుంచి ఆరేళ్ల డిగ్రీ, కనీసం 3,600 గంటలు.

పిల్లను కాగితం, పెన్ను తీసుకోమన్నాను. ఆరు నెలలు, నెలకు పాతిక రోజులు, రోజుకు ఆరు గంటలు. ఒక్క సెలవు పెట్టకుండా పోయినా 900 గంటలు. రెండు వేలలో సగం కూడా కాలేదు.

"మరి వాళ్లు గ్యారంటీ అని ఎట్ల రాసిండ్రు?"

"ఉద్యోగం ఇస్తరేమో బిడ్డా. కౌంటర్‌లో బిల్లులు కొట్టడానికి, శాంపిళ్లు మోయడానికి. టెక్నీషియన్ అని మాత్రం ఏ రిజిస్టర్‌లో ఎక్కరు."

ఎక్కువ చదివితే లాభమేమిటన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ గంటల్లోనే ఉంది. ఈ రోజు పరీక్ష హాల్లో డిప్లొమా, డిగ్రీ ఒక్కటే కావచ్చు. చట్టం మాత్రం రెండు మెట్లు కట్టి పెట్టింది. గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతైతే మరీ. మన పాలమూరు నుంచి కూలికి పోయినట్టు పోవడం కాదిది, అక్కడి ఆరోగ్యశాఖల లైసెన్సు పరీక్ష రాయాలి, ఇక్కడి సర్టిఫికెట్లన్నీ వాళ్లు ఒకటికి రెండుసార్లు సరిచూస్తారు. అక్కడ డిగ్రీ ఉన్నవాడి మాటకు బరువెక్కువ. ఇల్లు గడవడం కష్టంగా ఉన్నవాళ్లకు మాత్రం నేను డీఎంఎల్‌టీయే చెబుతాను. రెండేళ్లకే కాళ్ల మీద నిలబడొచ్చు.

చెయ్యి తిరిగేది ఎక్కడ?

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూడకండి. ముందు బోర్డు అనుమతి ఉన్న కాలేజీల జాబితాలో దాని పేరుందో లేదో చూడండి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు దానికి దరఖాస్తు పెట్టే ఈపాస్ వెబ్‌సైటులో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. తర్వాత ఆ కాలేజీ పిల్లలు ఏ దవాఖానలో ట్రైనింగ్ చేస్తారో కనుక్కుని, పొద్దున ఎనిమిదింటికి అక్కడికి వెళ్లండి. పరగడుపు రక్తం ఇచ్చేవాళ్లంతా ఆ వేళకే వస్తారు. శాంపిల్ కౌంటర్ ముందు లైను ఎంత ఉంది? సూది పట్టుకున్నవాళ్లలో స్టూడెంట్లు ఉన్నారా, లేక మూలకు నిలబడి ఫోన్లు చూస్తున్నారా? ఆ అరగంటలో మీకు తెలిసేది ఏ బ్రోచరూ చెప్పదు.

ఈ విషయంలో ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. మా రోజుల్లో మన వైపు పెద్ద బోధనాసుపత్రులంటే నార్కట్‌పల్లి కామినేని, మహబూబ్‌నగర్ ఎస్వీఎస్ లాంటి ప్రైవేటువే. సర్కారుదాంట్లో చెయ్యి తిరగాలంటే గాంధీకో ఉస్మానియాకో పోయి హైదరాబాద్‌లో రూము వెతుక్కోవాలి. మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2016లో వచ్చింది. 2019లో నల్లగొండ, సూర్యాపేట, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తి, 2024లో గద్వాల, నారాయణపేట. ఏ కాలేజీలో పారామెడికల్ సీట్లు ఎన్నో ఏటేటా ఇచ్చే నోటిఫికేషన్‌లో చూసుకోవాలి గానీ, రోగుల లైను మాత్రం ఇంటి దగ్గరికే వచ్చింది.

చెయ్యి తిరగడం అంటే నరం దొరకబుచ్చుకోవడం ఒక్కటే కాదు. నా కథ ఒకటి చెబుతాను. కొత్తలో ఒక ప్రైవేటు ల్యాబులో ఉన్నాను. ఒక పెద్దాయన రక్తం తీస్తే ఎర్రమూత ట్యూబులోకి తక్కువ వచ్చింది. మళ్లీ గుచ్చితే తిడతాడని భయం. పర్పుల్ మూత ట్యూబులో కాస్త ఎక్కువే ఉంది కదా అని అందులోంచి ఇందులోకి వంచాను. మిషన్ మీద పెడితే పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో. మా సీనియర్ స్లిప్పు చూసి, "ఈయన ఇంకా బతికే ఉన్నడా?" అన్నాడు. తలుపు తీసి చూస్తే ఆ పెద్దాయన ఎదురుగా బండి దగ్గర చాయ తాగుతున్నాడు.

జరిగిందేమిటంటే, పర్పుల్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ పొటాషియం లవణం పోసి ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, అందుకే రక్తం గడ్డకట్టదు. నేను ఆ పొటాషియాన్నే కొలిచాను, ఆ కాల్షియమే కనపడకుండా పోయింది. మా సీనియర్ లేకుండా ఆ రిపోర్టు డాక్టరు చేతికి పోయి ఉంటే, బాగున్న మనిషికి పొటాషియం తగ్గించే మందులు ఎక్కేవి. ట్యూబు నుంచి ట్యూబుకు వంచకూడదనీ, పర్పుల్ కంటే ముందు ఎర్రది నింపాలనీ పుస్తకంలో ఒక్క లైనే ఉంటుంది. ఆ లైను ఎందుకుందో నాకు ఆ రోజు తెలిసింది.

గ్రే మూత ట్యూబు సంగతి ఇంకా విచిత్రం. ఒంట్లోంచి బయటికి తీశాక కూడా రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో ఊరికే పెడితే గంటకు ఐదు నుంచి ఏడు శాతం దాకా షుగర్ పడిపోతుంది. మర్రిగూడలో పొద్దున తీసిన రక్తం నల్లగొండ చేరి మిషన్ ఎక్కేసరికి నాలుగు గంటలైందనుకోండి, ఐదో వంతో నాలుగో వంతో మాయం. షుగర్ ఉన్న మనిషికి లేదని రిపోర్టు పోతుంది. దాన్ని ఆపడానికి గ్రే ట్యూబులో వేసేది సోడియం ఫ్లోరైడ్. మన మర్రిగూడ, మునుగోడు, చండూరు పల్లెల్లో తాగునీళ్లలోంచి ఎక్కి మూడు తరాల ఎముకలు వంచిన ఆ ఫ్లోరైడే. ట్యూబులో మాత్రం బుద్ధిగా చక్కెరకు కాపలా కాస్తుంది. ఈ మాట క్లాసులో చెబితే నల్లగొండ పిల్లలు ఇక మరచిపోరు.

ఈ రవాణా గొడవ ఇప్పుడు మరీ ముఖ్యమైంది. 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ డయాగ్నస్టిక్ హబ్‌లు మొదలయ్యాయి. నల్లగొండ, మహబూబ్‌నగర్, గద్వాల అందులోవే. అప్పుడు 57 రకాల పరీక్షలు ఉచితమన్నారు. పీహెచ్‌సీలో రక్తం తీసి, లేబుల్ అంటించి హబ్‌కు పంపుతారు, పెద్ద మిషన్లు అక్కడ నడుస్తాయి. జనానికి ఎంతో మేలు జరిగింది. కాకపోతే పల్లె టెక్నీషియన్ పని తీయడం, సర్దడం, పంపడం వైపు జరిగింది. మలేరియా స్లైడు, టీబీ తెమడ పరీక్ష లాంటివి తప్ప కంటితో చూసి తేల్చే పని తగ్గింది. అందుకే ట్రైనింగ్ రోజుల్లోనే మైక్రోస్కోపు దగ్గర కుర్చీ వదలకండి. తర్వాత మీకు ఎక్కడ పోస్టింగ్ వస్తుందో ఎవరికి తెలుసు?

నోటిఫికేషన్‌లో కనపడని లెక్క

సర్కారు ఉద్యోగానికి నూరు మార్కుల్లో రాతపరీక్షకు 80. మిగిలిన 20 సర్కారు దవాఖానల్లో, కార్యక్రమాల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ మీద చేసిన సేవకు. నిండిన ప్రతి ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే రెండున్నర. అంటే మామూలు చోట ఐదేళ్లు, గిరిజన ప్రాంతంలో నాలుగేళ్లు చేస్తే 20కి 20. మన దక్షిణ తెలంగాణలో అలాంటి చోటంటే నల్లమలలో అమ్రాబాద్ వైపు. ప్రైవేటులో పదేళ్లు రాత్రింబవళ్లు చేసినా ఈ ఇరవైలో సున్నా. అలా ఉండటం న్యాయమా కాదా అంటే నాకు రెండు మనసులు. కరోనా కాలంలో కాంట్రాక్టు మీద ప్రాణాలకు తెగించి చేసినవాళ్లకు అది దక్కాల్సిందే. కానీ అప్పుడే చదువు ముగించిన పిల్ల 80కే పరిగెత్తాలి. కాబట్టి చదువు అవ్వగానే జీతం తక్కువైనా సర్కారు కాంట్రాక్టు దొరికితే వదలొద్దు, సేవా సర్టిఫికెట్ ఎప్పటికప్పుడు రాయించుకోండి.

ఇంకోటి జోన్, అంటే పోస్టులు నింపడానికి కొన్ని జిల్లాలను కలిపిన గుంపు. నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, జనగామ కలిసి యాదాద్రి జోన్. మహబూబ్‌నగర్, నారాయణపేట, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జోగులాంబ జోన్. పోస్టుల్లో 95 శాతం స్థానికులకే. స్థానికత తేలేది ఇంటి అడ్రసుతోనో ఆధార్‌తోనో కాదు, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారన్నదాన్ని బట్టి. మిర్యాలగూడలో పుట్టి హైదరాబాద్ హాస్టల్లో చిన్న చదువులు చదివినవాళ్లు చార్మినార్ జోన్‌కు పోతారు. నోటిఫికేషన్ పడ్డాక బోనఫైడ్ కోసం చిన్నప్పటి బడి వెతుక్కుంటే ఆ బడి మూతపడి ఉంటుంది.

అన్ని ల్యాబులూ ఒకటి కావు

పేరు ఒక్కటే కావడంతో వచ్చే గందరగోళం కొంత ఉంది. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో, చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీల్లో కూడా ల్యాబులు ఉంటాయి. వాళ్లు క్యూసీ (మందుల నాణ్యత పరీక్ష) అంటారు. అక్కడ కావాల్సింది కెమిస్ట్రీ డిగ్రీ, ఎమ్మెస్సీ, బీఫార్మసీ. డీఎంఎల్‌టీ పట్టుకుని ఆ గేటు దగ్గర నిలబడితే లాభం లేదు. నీళ్ల పరీక్ష, పాల పరీక్ష ల్యాబులూ అంతే, రసాయన శాస్త్రం వైపువి. పది తర్వాత కెమికల్ ప్లాంట్ ల్యాబొరేటరీ అసిస్టెంట్ అని రెండేళ్ల ఐటీఐ ట్రేడు కూడా ఒకటుంది, దానికీ రక్తపరీక్షలకూ సంబంధం లేదు.

ఇక సొంత ల్యాబు. మన వాళ్లలో సగం మందికి ఇదే కల. టెక్నీషియన్ పరీక్ష చేయొచ్చు, కానీ 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ల్యాబ్ రిపోర్టు మీద పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరు సంతకం ఉండాలని చెప్పింది. అంటే పెట్టుబడి మీది, కష్టం మీది, సంతకం ఇంకొకరిది. దాని మీద జిల్లా వైద్యాధికారి దగ్గర రిజిస్ట్రేషన్, వాడిన సూదులు, రక్తపు దూది పారేసేందుకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతి. డాక్టరు ఎప్పుడో వారానికోసారి వచ్చి ఖాళీ ఫారాల కట్ట మీద సంతకాలు పెట్టిపోయే ల్యాబుల గురించి మీరూ వినే ఉంటారు. ఏదైనా తేడా వస్తే ముందు పట్టుబడేది కౌంటర్‌లో ఉన్న టెక్నీషియనే.

అన్నీ విన్నాక మా పిల్ల వేళ్లు మడిచి లెక్కపెట్టింది. ఒకటి నుంచి ఐదు దేవరకొండలో, ఆరు ఏడు హైదరాబాద్‌లో. ఏడింటిలో కనీసం నాలుగేళ్లు ఉంటే చాలు కాబట్టి యాదాద్రి జోన్‌కే వస్తుంది. "ఆ బడి సార్ ఇంకా అక్కడే ఉన్నడు మామా, రేపే పోయి బోనఫైడ్ తెస్త" అంది. డీఎంఎల్‌టీయా, బీఎస్సీయా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తర్వాత గొంతు తగ్గించి, "సూది మనకే గుచ్చుకుంటే ఎట్ల?" అని అడిగింది.

నాకు మూడుసార్లు గుచ్చుకుంది. గుచ్చుకోగానే సబ్బు నీళ్లతో కడగాలి, పైవాళ్లకు దాచకుండా చెప్పాలి, హెచ్‌ఐవీ అనుమానం ఉంటే మందులు ఎంత తొందరగా అంత తొందరగా, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. హెపటైటిస్-బికి మాత్రం ముందే టీకా ఉంది. మూడు డోసులు: ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి.

"ఆర్నెల్ల కోర్సు గావాలంటివి గదా, ఇగో ఇది ఆర్నెల్లదే" అన్నాను. కాలేజీ ఇంకా ఖాయం కాలేదు గానీ, మొదటి డోసు శనివారం నాడు నేనే వేయించి పంపాను.